దుకాణం మూయించిన చరిత్ర తెలుసు, మనిషిని మాన్పించిన చరిత్ర తెలుసుకుందాం



మన పొదుపు సంఘాల చరిత్ర ఎవరు రాసినా నెల్లూరు జిల్లా దూబగుంట దగ్గరే మొదలుపెడతారు. మేమూ అక్కడే మొదలుపెడుతున్నాం. అయితే ఈసారి అక్కడితో ఆగకుండా, ఆ కథలో రాయకుండా మిగిలిపోయిన రెండో సగం కూడా రాయాలనుకున్నాం. ఎందుకంటే సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ వారసులమని మనం చెప్పుకుంటాం గానీ, ఇంట్లో తాగే మనిషిని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలి అని అడిగితే ఇప్పటికీ మన నెలవారీ సమావేశంలో తలా ఒక మాట చెబుతాం. ఒకరు మాల వేయించమంటారు. ఒకరు ప్రార్థనకు తీసుకుపొమ్మంటారు. ఒకరు ఆకు పసరు పోసే ఊరి పేరు చెబుతారు. డాక్టరు పేరు చెప్పేవాళ్ళు తక్కువ.

దూబగుంట నుంచి 1997 దాకా

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిపూట లాంతరు కింద పలక పట్టిన ఆడవాళ్ళకు ఇచ్చిన వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన సీతమ్మ కథ ఒక పాఠం. చదివినవాళ్ళకు అది పాఠంలాగా అనిపించలేదు, తమ ఇల్లే అనిపించింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఇంకా ఎందరో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. 1992లో ఆ మంట జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యాక, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం అమలైంది. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక రూపాయి దాచుకుందామని నెల్లూరు ఆడవాళ్ళు పెట్టుకున్న పొదుపు లక్ష్మి సంఘాలే మన సంఘాలకు అక్కలు.

1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం ఉంది. సారా పోయిన చోటికి బ్రాందీ షాపు, దాని వెనకాలే బెల్టు షాపు వచ్చాయి.

ఆ పోరాటాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కూలి డబ్బులు ఇంటికి చేరిన ఆ రోజులు మా అమ్మల నోట విన్నాం. కానీ ఒక్క విషయం గమనించాలి. ఆ ఆరేళ్ళలో దుకాణం గురించి, వేలం గురించి, చట్టం గురించి ఎంతో మాట్లాడారు. తాగకుండా ఒక్క పూట ఉండలేని మనిషికి వైద్యం ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

దాని ఫలితం 2020లో కళ్ళారా చూశాం. మార్చిలో లాక్‌డౌన్ పెట్టి షాపులన్నీ ఒక్కరోజులో మూసేశారు. రోజూ తాగేవాళ్ళు చేతులు వణికి, నిద్రపట్టక, లేనిపోనివి కనబడుతున్నాయని అరుస్తూ ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఒక్కసారిగా రద్దీ పెరిగింది. జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క, చేతులు కడుక్కునే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. దుకాణం మూత ఒక్కటే వైద్యం కాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

రెండో చరిత్ర: తాగుడు జబ్బేనని తెలుసుకున్న తీరు

తాగుబోతు అంటే బుద్ధి లేనివాడు, మాట మీద నిలబడనివాడు అనేది మన ఊళ్ళ తీర్పు. బయట దేశాల్లోనూ చాలాకాలం ఇదే తీర్పు. 1804లో ఇంగ్లీషు నౌకాదళంలో పనిచేసిన థామస్ ట్రాటర్ అనే డాక్టరు తాగుడును మనసుకు పట్టిన జబ్బుగా రాశాడు. ఆ మాట జనానికి ఎక్కడానికి వంద సంవత్సరాల పైనే పట్టింది.

1935 మేలో అమెరికాలోని యాక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిశారు. ఇద్దరూ తాగుడులో మునిగినవాళ్ళే. ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించి సమావేశాలు మొదలుపెట్టారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏ.ఏ. రుసుము లేదు, పేరు బయట పెట్టరు. మన దేశానికి 1957లో వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. 1951లో బిల్ భార్య లోయిస్ తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం అల్-అనాన్ పెట్టింది. తాగేవాడి భార్యకు కూడా సాయం కావాలని గుర్తించిన తొలి పెద్ద ప్రయత్నం అది.

ఏ.ఏ. వాళ్ళ పన్నెండు మెట్లలో దేవుడి మాట చాలాసార్లు వస్తుంది. ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్ళు తలచుకోవచ్చని చెప్పినా, ఆ మాటతో పొత్తు కుదరనివాళ్ళు ఉంటారు. అమెరికాలో ఒక ఖైదీ తనకు దేవుడి మీద నమ్మకం లేదని, అయినా ఆ సమావేశాలకు పోకపోతే ఇంటివాళ్ళతో గడిపే అవకాశం ఇవ్వమంటున్నారని కోర్టుకు వెళ్ళాడు. అలా బలవంతం చేయకూడదని 1996లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు చెప్పింది.

అప్పటికే వేరే దారులు పుట్టాయి. 1970ల నడుమ జీన్ కిర్క్‌పాట్రిక్ అనే ఆమె ఆడవాళ్ళకే ప్రత్యేకంగా విమెన్ ఫర్ సోబ్రైటీ పెట్టింది. తాగే ఆడదానికి సిగ్గు, అపరాధ భావం ముందే నెత్తిన ఉంటాయి, ఇంకా వంగమని చెప్పడం కంటే నిలబడమని చెప్పడం మేలని ఆమె వాదన. 1985లో జేమ్స్ క్రిస్టఫర్ దేవుడి ప్రసక్తి లేని సహాయ బృందాలకు పిలుపిచ్చాడు. 1994లో స్మార్ట్ రికవరీ వచ్చింది. అందులో నేర్పేవి నాలుగు: మానాలన్న కోరికను నిలబెట్టుకోవడం, తాగాలన్న ఆరాటం వచ్చినప్పుడు దాన్ని దాటడం, ఆలోచనలను అదుపులో పెట్టుకోవడం, జీవితాన్ని మళ్ళీ సర్దుకోవడం. ఇందులో పూజ లేదు, ప్రార్థన లేదు. వద్దని కూడా చెప్పరు, అది ఎవరిష్టం వాళ్ళది.

ఏ దారి గొప్పది? 1997లో అమెరికాలో 1,726 మందితో ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. పన్నెండు మెట్ల బాట, ఆలోచనలను సరిదిద్దే పద్ధతి, ప్రోత్సహించి మాట్లాడే పద్ధతి, ఈ మూడింటినీ పోల్చారు. మూడూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. ఏ.ఏ. దారి కొందరికి చాలా బాగా పనిచేస్తుందని 2020లో వచ్చిన మరో పెద్ద సమీక్ష కూడా చెప్పింది. కాబట్టి మనిషికి నచ్చి, వదలకుండా నడిచే దారే ఆ మనిషికి మంచి దారి అని మేం అర్థం చేసుకున్నాం.

ఇది మనకెందుకు అంటారేమో. మన సంఘంలో జంపఖానా మీద హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరి మాల ఇంకొకరికి పనికిరాదు. ఒకరి ప్రార్థన ఇంకొకరి ఇంట్లో ఒప్పుకోరు. పైగా మాల నలభై ఒక్క రోజులే. మాల తీసిన సాయంత్రమే సీసా ఎత్తినవాళ్ళను ప్రతి ఊళ్ళో చూశాం. భక్తిని తప్పు పట్టడం లేదు. దీక్షలో నలభై రోజులు తాగకుండా ఉండగలిగాడంటే అతనిలో శక్తి ఉందనే లెక్క. నలభై రెండో రోజు ఎవరు తోడుంటారు అన్నదే అసలు ప్రశ్న.

ఒక్కసారిగా మానితే ప్రమాదం

మా మండలంలోనే ఒక చెల్లెలి భర్త మొక్కు పెట్టుకుని ఒక్కసారిగా మానేశాడు. మొదటి రోజు వణుకు, చెమటలు. రెండో రాత్రి ఫిట్స్. ఆ తర్వాత గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. ఊళ్ళో గాలి సోకిందన్నారు. ఎవరో 108కి ఫోన్ చేయబట్టి బతికాడు.

ఇది గాలీ కాదు, దెయ్యమూ కాదు. చాలా ఏళ్ళుగా రోజూ తాగే శరీరం మందుకు అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే నరాలు అదుపు తప్పుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. లేనివి కనబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం తర్వాతి రోజుల్లో రావచ్చు. ప్రాణం పోవచ్చు కూడా. డాక్టరు పర్యవేక్షణలో మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఈ రోజుల్ని క్షేమంగా దాటించవచ్చు. అందుకే రోజూ గట్టిగా తాగేవాళ్ళ విషయంలో మొదటి మెట్టు డాక్టరే, కౌన్సెలింగ్ రెండో మెట్టు.

ఇంకో ప్రమాదం మన వంటింట్లోనే ఉంది. తెలియకుండా సాంబారులో కలిపి పెడితే తాగుడు మానేస్తాడని కొందరు మాత్రలు తెచ్చిస్తారు. వాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. 1940ల చివర్లో డెన్మార్క్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు నులిపురుగుల మందు కోసం దీన్ని పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆ తర్వాత మందు తాగితే ఒళ్ళు ఎర్రబడి, కడుపులో తిప్పి, గుండె దడ రావడం గమనించారు. అలా అది తాగుడుకు మందయింది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకుంటే పనికొచ్చే మందు. తెలియకుండా పెడితే, అతను బయట తాగిన రోజు రక్తపోటు పడిపోయి చనిపోవచ్చు. దొంగతనంగా పెట్టే మాత్ర ఏదైనా సరే వద్దని ఈ వ్యాసం ద్వారా గట్టిగా చెబుతున్నాం. తాగాలన్న ఆరాటాన్ని తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మందులూ ఉన్నాయి. అవీ లివరు పరీక్ష చేసి డాక్టరు రాస్తేనే వాడాలి.

మంచి కౌన్సెలర్ ఎవరు?

1993లో విలియం మిల్లర్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక పరిశోధన వెలువరించారు. కౌన్సెలర్ ఎంత ఎక్కువ నిలదీసి, ఎదురుతిరిగి మాట్లాడితే తాగే మనిషి ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నట్టు అందులో తేలింది. అతని మాట విని, మానాలనే కారణాలు అతని నోటే వచ్చేటట్టు అడిగే పద్ధతిని మిల్లర్ పదేళ్ళ ముందే, 1983లో రాశాడు. మన ఇళ్ళల్లో తిట్టి, శాపనార్థాలు పెట్టి అలసిపోయాం కదా, అది ఎందుకు పనిచేయలేదో ఇక్కడ తెలుస్తుంది.

భార్యల కోసం కూడా ఒక పద్ధతి తయారైంది. రాబర్ట్ మేయర్స్ అనే ఆయన క్రాఫ్ట్ అనే శిక్షణ రూపొందించాడు. తాగని పూట అతనితో బాగుండడం, తాగిన పూట వాదన పెట్టుకోకపోవడం, అతను చేసిన దానికి మనం అబద్ధాలు చెప్పి కప్పిపుచ్చకపోవడం, వైద్యం మాట ఎప్పుడు ఎత్తాలో తెలుసుకోవడం, కొట్టే మనిషైతే ముందు మన భద్రత చూసుకోవడం ఇందులో ముఖ్యం. 1999లో వెలువడిన ఫలితాల ప్రకారం ఈ శిక్షణ పొందిన ఇంటివాళ్ళలో 64 శాతం మంది తమ మనిషిని వైద్యానికి ఒప్పించగలిగారు. అందరూ కలిసి కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో 30 శాతమే. అతన్ని అతనికి వదిలేసి మన మనసు మనం చూసుకోమనే పద్ధతిలో 13 శాతం.

మన పక్క రాష్ట్రంలో చూడండి. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మద్రాసులో టి.టి. రంగనాథన్ పేరిట వైద్య సంస్థ పెట్టారు. నగరంతో ఆగకుండా మంజక్కుడి లాంటి పల్లెల్లో శిబిరాలు పెట్టి అక్కడే వైద్యం చేశారు. తనకొచ్చిన కష్టాన్ని పదిమందికి దారిగా మార్చిన ఆడమనిషి ఆమె. 1992లో పద్మశ్రీ వచ్చింది.

గోవాలో ఇంకో పని జరిగింది. సంగత్ అనే సంస్థ, డిగ్రీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తాగేవాళ్ళతో మాట్లాడించింది. ఒక్కొక్కరితో నాలుగుసార్ల లోపే. 377 మంది మగవాళ్ళ మీద చేసిన ఈ పరిశోధన 2017లో వెలువడింది. మూడు నెలల తర్వాత చూస్తే, గడచిన పద్నాలుగు రోజుల్లో చుక్క ముట్టనివాళ్ళు ఈ కౌన్సెలింగ్ పొందిన వారిలో 42 శాతం, పొందని వారిలో 18 శాతం. చాలా ముదిరిన వాళ్ళకు ఇది సరిపోదు, పెద్దాసుపత్రే కావాలి. కానీ మధ్యలో ఉన్నవాళ్ళకు, ఓపికగా మాట్లాడడం నేర్చుకున్న మన లాంటి మనిషి కూడా సాయపడగలదని తేలింది.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి

మాకు తెలిసిన ఒక చెల్లెలు సంఘంలో అప్పు తీసి భర్తను ఒక ప్రైవేటు సెంటర్లో చేర్చింది. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. మొదటి నెల చూడనివ్వలేదు. బయటికి వచ్చినప్పుడు మణికట్ల మీద కట్టేసిన గుర్తులున్నాయి. డాక్టరు ఒక్కసారైనా రాలేదట. వారం తిరక్కుండానే మళ్ళీ తాగాడు. కంతులు మాత్రం ఆమె ఇప్పటికీ కడుతోంది.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన కిందికి తీసుకుంది. గొలుసుతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే దానికి చట్టం పెట్టిన పద్ధతి ఉంది. కాబట్టి ఈ ప్రశ్నలు అడగడం మన హక్కు:

1. సెంటరుకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా? కాగితం చూపిస్తారా?
2. మానసిక వైద్యుడు ఎన్ని రోజులకొకసారి వస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?
3. కౌన్సెలర్ ఏం చదివారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ. నంబరు ఉంటుంది, అడగండి.
4. ఇంటివాళ్ళు ఎప్పుడు చూడవచ్చు? ఫోన్‌లో మాట్లాడనిస్తారా?
5. పూజ, ప్రార్థన తప్పనిసరా? వద్దంటే వేరే పద్ధతి ఉందా?
6. ఇంటికొచ్చాక ఎన్ని నెలలు చూస్తారు?
7. ప్రతి చెల్లింపుకు రసీదు ఇస్తారా?

"వంద శాతం గ్యారంటీ" అని గోడమీద రాసినవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నిజమైన డాక్టరు గ్యారంటీ ఇవ్వడు. మళ్ళీ తాగితే మళ్ళీ రమ్మంటాడు.

కౌన్సెలర్ దగ్గర రెండు మూడుసార్లు కూర్చున్నాక మీ మనిషిని అడగండి: నీ మాట విన్నాడా, నిన్ను చిన్నబుచ్చాడా, మళ్ళీ పోవాలనిపిస్తోందా? పోనంటే కౌన్సెలర్‌ను మార్చండి. వైద్యం మానొద్దు. చీర నచ్చకపోతే షాపు మారుస్తాం, చీర కట్టడం మానం కదా.

డబ్బు లేనివాళ్ళు ముందు ప్రభుత్వ దారులే చూడాలి. జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది. విశాఖ చినవాల్తేరులో, హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసన విముక్తికి జాతీయ ఉచిత నంబరు 14446. ఈ రెండూ మినిట్స్ పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి.

సంఘం చేయగలిగింది

ఎయిమ్స్ వైద్యులు చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని అందులో ఉంది. మిగిలిన 37 మంది ఇళ్ళల్లో మన సభ్యులున్నారు. అదే సర్వే ఆడవాళ్ళలోనూ వందకు ఒకటిన్నర మంది తాగుతున్నారని చెప్పింది. వాళ్ళు మన సంఘంలో ఉంటే వాళ్ళ గురించి గుసగుసలాడడం కాదు, తోడుగా ఆసుపత్రికి వెళ్ళడం మన పని.

మన ఊళ్ళో స్మార్ట్ రికవరీ బోర్డు కనబడదు. కానీ వారం వారం కూర్చోవడం, హాజరు వేయడం, రానివాళ్ళ ఇంటికి వెళ్ళి అడగడం, ఒకరి కష్టాన్ని పదిమంది పంచుకోవడం మనకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ పనులకు కులం, మతం అడ్డు రాలేదు. తాగుడు నుంచి బయటపడేవాళ్ళకు కావలసింది కూడా అదే.

అందుకని వచ్చే సంవత్సరానికి సోషల్ యాక్షన్ కమిటీ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, తాగుడు వైద్యానికి అప్పు ఇచ్చే ముందు పై ఏడు ప్రశ్నల కాగితం నింపాలి. రెండు, ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు సభ్యులకు ప్రభుత్వ మానసిక వైద్యుల చేత ఒక రోజు అవగాహన ఇప్పించాలి. మూడు, వైద్యం చేయించుకుని వచ్చిన మనిషి ఇంటికి మొదటి మూడు నెలలు వారానికొకసారి ఒకరు వెళ్ళి పలకరించాలి, లెక్కలు అడగడానికి కాదు, ఎట్లా ఉన్నావని అడగడానికి.

1992లో మన పెద్దలు కొట్టు ముందు కూర్చున్నారు. ఇప్పుడు మనం ఆసుపత్రి ఓపీ వరుసలో, ఆ మనిషి పక్కన, అతని భార్య పక్కన కూర్చోవాలి.